బండిలో మోగే గంట ఎవరి కోసం?

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన వేసవిలో మా మేనల్లుడి కారులో హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది. స్పీడు 80 దాటగానే కారులో టింగ్ టింగ్ అని మొదలైంది. "మామయ్యా, ఈ గోల భరించలేకపోతున్నా. ఈసారి సర్వీసింగుకి ఇచ్చినప్పుడు వైరు పీకించేస్తా" అన్నాడు వాడు. వెనక సీట్లోంచి మా అక్కయ్య, "ఉండనీరా. నేను చెబితే నువ్వు వినవు, అదైనా చెప్పనీ" అంది.

ఆ గంట కంపెనీవాళ్లు సరదాకి పెట్టింది కాదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కారులో అది ఉండాలన్నది నిబంధన. 80 దాటితే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వందలో 71 మంది పోయింది అతివేగం వల్లేనని ప్రభుత్వ లెక్క. ఆ లెక్క తెలిశాక ఆ టింగ్ టింగ్ నాకు గోలగా అనిపించడం మానేసింది.

వాడి కారులో ఇంకోటి కూడా చూశాను. నేను బెల్టు పెట్టుకోబోతే, అది గుచ్చుకునే చోట అప్పటికే ఒక ఉత్త క్లిప్పు దూర్చి ఉంది. బెల్టు పెట్టుకున్నారని కారును నమ్మించడానికట! 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశిస్తే, ఆన్‌లైన్ అంగళ్లు ఇలాంటి క్లిప్పుల ప్రకటనలు వేల సంఖ్యలో తీసేశాయి. నేను దాన్ని పీకి జేబులో వేసుకున్నాను. తిరిగి ఇవ్వలేదు.

ఇక రాత్రి బస్సుల సంగతి. ఒకసారి ప్రైవేటు బస్సులో ముందు సీటు దొరికింది. డ్రైవరుకు ఎదురుగా అగ్గిపెట్టెంత కెమెరా ఉంది. మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో అది చీకట్లో కూడా ఆయన కళ్లనే చూస్తుంటుంది. రెప్పలు మామూలుకన్నా ఎక్కువసేపు మూసుకుంటే గట్టిగా మోగుతుంది, ఆఫీసుకు కబురు పంపుతుంది. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కునుకు పడితే 66 మీటర్లు. అంత దూరం ఆ బస్సును నడిపేవాళ్లే ఉండరు.

తెల్లవారుజామున రెండింటికి అది మోగింది. ఆయన ఉలిక్కిపడి, మొహం తుడుచుకుని, కిటికీ తీశాడు. తర్వాత టీ దగ్గర ఆగినప్పుడు అడిగాను: "ఆ కెమెరా వల్ల ఇబ్బందిగా ఉందా అన్నా?"

"ఇబ్బందేముంది సార్, నా ప్రాణం కూడా బండిలోనే ఉంది కదా. కానీ మోగిందని రేపు పిలిచి డబ్బులు కోస్తారు. నిన్న పగలంతా ఇంకో బండి తోలించింది వాళ్లే."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కెమెరా తన పని తాను చేసింది. అది పంపిన కబురును ఆఫీసులో ఏమని చదువుకున్నారన్నదే ప్రశ్న. డ్రైవరు చేత మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదనీ, 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. కెమెరా నిద్రమత్తును పట్టుకుంటే ముందు దిద్దాల్సింది డ్యూటీ చార్టును. జీతం కోస్తే ఆ మనిషి ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకో ట్రిప్పు ఎక్కుతాడు.

ఇలాంటి కబుర్లను సరిగ్గా చదివే పద్ధతి కూడా ఉంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా ఉన్న ఐ-రాస్తే ప్రాజెక్టులో ముందు నాగపూర్ సిటీ బస్సులకు, తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులు కొన్నింటికి ముందువైపు చూసే కెమెరాలు పెట్టారు. ముందు బండికి మరీ దగ్గరైనా, బండి తన లేన్ తప్పుతున్నా అవి డ్రైవరును హెచ్చరిస్తాయి. ఎక్కడ ఎక్కువసార్లు మోగుతోందో చూసి, ప్రమాదాలు జరగకముందే ఆ చోట్లను గుర్తిస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. పదిమంది డ్రైవర్లకు ఒకే మలుపులో మోగితే, తప్పు ఆ మలుపుదే కావచ్చు కదా!

సొంత కారున్నవాళ్లకు ఇంకో మాట. నడిపే తీరును బట్టి ప్రీమియం తగ్గించే బీమాకు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. మీ ఏజెంటును అడిగి చూడండి.

నేనైతే ఇప్పుడు రాత్రి బస్సుకు టికెట్ కొనేటప్పుడు, డ్రైవర్లు ఇద్దరున్నారా అని అడుగుతున్నాను. మొన్న కౌంటర్లో కుర్రాడు వింతగా చూశాడు గానీ, ఫోన్ చేసి కనుక్కుని ఉన్నారని చెప్పాడు. ఆ రాత్రి సూర్యాపేట దగ్గర డ్రైవరు మారాడు. దిగినాయన దుప్పటి తీసుకుని వెనక బెర్తులోకి వెళ్లి పడుకున్నాడు.

సెలవు. నమస్కారం.