తెల్ల గీత గీసిన దీవి

సభాసదులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది 1959లో బ్రిటన్‌లో విడుదలైన ‘కార్ల్‌టన్-బ్రౌన్ ఆఫ్ ది ఎఫ్‌.ఓ.’ అనే నలుపు తెలుపు హాస్య చిత్రం గురించి. ఎఫ్‌.ఓ. అంటే ఫారిన్ ఆఫీసు, అంటే బ్రిటన్ విదేశాంగ శాఖ. జెఫ్రీ డెల్‌తో కలిసి దీనికి దర్శకత్వం వహించిన రాయ్ బౌల్టింగ్, నిర్మించిన జాన్ బౌల్టింగ్ కవల సోదరులు. సైన్యం, న్యాయస్థానాలు, కార్మిక సంఘాలు అంటూ తమ దేశంలోని పెద్ద వ్యవస్థలను ఆ రోజుల్లో వరుసగా నవ్వులపాలు చేసిన ఈ సోదరులు, 1956లో సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దాడి చేసి బ్రిటన్ వెనక్కి తగ్గవలసి వచ్చిన పరాభవం జరిగిన మూడేళ్లకు సామ్రాజ్యం జోలికి వచ్చారు.

కథ గెయిలార్డియా అనే కల్పిత దీవిలో జరుగుతుంది. దశాబ్దాల కిందట దానికి స్వాతంత్ర్యం ఇచ్చిన బ్రిటన్, ఆ సంగతినే కాదు, ఆ దీవినే మరిచిపోయింది. అక్కడ రష్యన్లు ఏదో తవ్వుతున్నారన్న వార్త లండన్ చేరేసరికి, ఆ దీవి ఎక్కడుందో, దాని వ్యవహారాలు ఎవరు చూడాలో తెలియక కార్యాలయమంతా తడుముకుంటుంది. చివరికి ఆ బాధ్యత ఏ పద్దులోనూ ఇమడని ప్రాంతాలన్నిటినీ కలిపి పెట్టిన విభాగానికి, తండ్రి హోదా పుణ్యాన ఆ విభాగానికి అధిపతి అయిన కార్ల్‌టన్-బ్రౌన్‌కు చేరుతుంది. ఈ పాత్రలో టెర్రీ-థామస్‌ను చూస్తున్నంతసేపూ నన్ను ఆకట్టుకున్నది ఆయన చేసే తెలివితక్కువ పనులకన్నా, వాటిని చేస్తున్నప్పుడు ఆయన ముఖంలో చెక్కుచెదరని ధీమా. పళ్ల సందు కనబడేలా నవ్వుతూ ఆయన ఇచ్చే హామీలో దురుద్దేశం ఏ మాత్రం లేదు. ఒక దేశపు తలరాతను తేల్చవలసిన మనిషి దుర్మార్గుడు కాకపోయినా, ఆ దేశం గురించి ఏమీ తెలియనివాడైతే చాలు, జరగవలసిన నష్టమంతా జరుగుతుందని ఈ చిత్రం చెబుతుంది. వలస పాలన మీద వచ్చిన ఆవేశపూరిత చిత్రాలెన్నిటికన్నా ఈ మాట నాకు నిజానికి దగ్గరగా కనిపిస్తుంది.

చిత్రానికి ఆయువుపట్టు విభజన ఘట్టం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన యువరాజుకూ అతని బంధువర్గానికీ సింహాసనం కోసం తగాదా వస్తే, దీవిని రెండు ముక్కలు చేయడమే పరిష్కారమని పెద్దలు తేలుస్తారు. ఒక కొస నుంచి మరో కొసకు నేల మీద తెల్ల రంగుతో గీత గీస్తారు. ఆ తరువాత, అక్కడ విలువైన కోబాల్ట్ నిక్షేపాలు ఉన్నాయనీ, అవి తమకు అక్కరకు రాని వైపు పడ్డాయనీ తెలిసినప్పుడు, అంతకుముందు శాంతికి ఏకైక మార్గంగా కనిపించిన విభజన అదే పెద్దలకు పెద్ద పొరపాటుగా తోస్తుంది.

భారతీయ ప్రేక్షకులు ఈ ఘట్టాన్ని చూసే తీరు వేరుగా ఉండక తప్పదు. అంతకుముందు ఎన్నడూ ఈ గడ్డ మీద అడుగుపెట్టని బ్రిటిష్ న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జులై 8న వచ్చి, దాదాపు ఐదు వారాల్లో పంజాబ్, బెంగాల్‌ల గుండా భారత్, పాకిస్తాన్ సరిహద్దులు నిర్ణయించారు. ఆ నిర్ణయం బయటకు వచ్చింది ఆగస్టు 17న. అంటే తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియకుండానే ఎందరో స్వాతంత్ర్యదినం జరుపుకున్నారు. అదే రాడ్‌క్లిఫ్‌ను 1956లో, గ్రీకు, టర్కిష్ వర్గాలున్న అప్పటి బ్రిటిష్ వలస దీవి సైప్రస్‌కు రాజ్యాంగం రూపొందించే పనికి పంపారన్నది మనలో చాలామంది దృష్టికి రాని విషయం. ఆయన ప్రతిపాదించినది విభజన కాదు; కానీ ఆ ప్రతిపాదనలను డిసెంబరులో పార్లమెంటు ముందుంచుతూ వలసల మంత్రి అలన్ లెనాక్స్-బాయిడ్, విభజనను కూడా ఒక మార్గంగా పరిశీలించవచ్చునని ప్రకటించారు. 1959 ఫిబ్రవరిలో ఆ దీవికి స్వాతంత్ర్యం ఇచ్చే జ్యూరిక్, లండన్ ఒప్పందాలు కుదిరేదాకా సైప్రస్ పేరు బ్రిటిష్ పత్రికల్లో నలుగుతూనే ఉంది. అదే ఏడాది హాలులో కూర్చున్న ప్రేక్షకుడికి దీవి, గీత, తగువు తీర్చే పెద్దమనుషులు అనగానే ఏది గుర్తుకు వచ్చి ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ తరువాత జరిగినది మరీ బాధాకరం. 1963 డిసెంబరులో సైప్రస్ రాజధాని నికోసియాలో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య ఘర్షణలు చెలరేగినప్పుడు, బ్రిటిష్ సైన్యాధికారి పీటర్ యంగ్ నగర పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో కాల్పుల విరమణ రేఖ గీశారు. చిత్రంలో తెల్ల గీత, నికోసియాలో ఆకుపచ్చ గీత; మధ్య నాలుగేళ్లు. 1974లో టర్కీ సైన్యం దిగాక అది దీవి పొడవునా దాదాపు 180 కిలోమీటర్ల విభజనగా స్థిరపడింది. నగరం నడిబొడ్డున ఉన్న లెద్రా వీధిలో అటూ ఇటూ నడిచే దారి మళ్లీ తెరుచుకున్నది 2008 ఏప్రిల్‌లో. సైనికుడి ఉద్దేశం రక్తపాతం ఆపడమే, దానిని నేను తక్కువ చేయను. కానీ పటం మీద గీసిన గీత వీధిలోకి దిగితే ఎవరి ఇల్లు ఎటు పడుతుందన్న ప్రశ్న, ఢిల్లీలోనైనా నికోసియాలోనైనా, గీసే వేళకు గీసేవారి బల్ల దాకా రాలేదు.

ఇంత పదునైన చిత్రం ఒక చోట తన పదునును తానే మొద్దు చేసుకుంది. దీవివాసులు ఎవరో దానికి తెలియదు. అవినీతిపరుడైన ప్రధాని ఆంఫిబులోస్‌గా పీటర్ సెల్లర్స్ అద్భుతంగా నటించారు. అయితే ఆ యాస, ఆ చేతుల విసురు, ఆ జిడ్డు మర్యాద, అన్నీ ఒక ఆంగ్లేయుడు ‘దక్షిణ ఐరోపా పరదేశి’ని ఊహించుకున్న తీరు. లండన్ అధికారుల అజ్ఞానాన్ని ఎగతాళి చేసిన చిత్రం, దీవి దగ్గరకు వచ్చేసరికి అదే అజ్ఞానంతో పని గడుపుకుంది. గీత గీసిన మర్నాడు అక్కడి రైతు, అక్కడి దుకాణదారు ఏమనుకున్నారో వారి నోటి నుంచి ఒక్క నిండు సంభాషణ కూడా మనకు వినిపించదు. ముగింపులో యువరాజు, ఎదుటి వర్గపు రాకుమారి ప్రేమతో రెండు వర్గాలూ ఏకమైపోతాయి. అప్పటిదాకా రాజకీయం గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడిన దర్శకులు, చివరి పావుగంటలో పెళ్లి కథలోకి తప్పుకోవడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.