గేర్‌బాక్స్ దించే ముందు ఒకసారి కిందికి దూరండి

అందరికీ నమస్కారం. మీరు మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో ఉన్నారు కాబట్టి గేర్‌బాక్స్ లోపల ఏముంటుందో మీ సార్లు చెప్పే ఉంటారు, నేను చెప్పేది లోపలి సంగతి కాదు, చేతిలో ఉండే గేర్ రాడ్డుకీ ఆ బాక్స్‌కీ మధ్యలో ఉన్న సరంజామా, అంటే లింకేజీ గురించి.

మా పాత మారుతి 800తో ఒకరోజు సిగ్నల్ దగ్గర ఫస్ట్ వేస్తే థర్డ్ పడింది. బండి వణికి ఆగిపోయింది, వెనకాల ఒకటే హారన్లు. గేర్ రాడ్ పట్టుకుని చూస్తే కుండలో కవ్వంలా ఎటు పడితే అటు తిరుగుతోంది. షెడ్‌కి తీసుకెళ్తే చెయ్యి కూడా పెట్టకుండా "గేర్‌బాక్స్ దించాలి, రెండు రోజులు ఉంచండి" అన్నారు. నాకు మనసొప్పలేదు, ఇంటికి తెచ్చేశాను. హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి రాళ్లు పెట్టి, జాకీతో లేపి స్టాండ్ల మీద దించి (ఉత్త జాకీని నమ్మి కింద పడుకోకండి బాబూ) మా తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి గేర్లు మార్చమన్నాను. వాడు రాడ్ కదిపిన ప్రతిసారీ లింకేజీలో వెనక ముక్క వేలెడు కదిలాక గానీ గేర్‌బాక్స్ వైపు ముక్క కదలట్లేదు! ఆ జాయింట్ విప్పితే బుష్ (జాయింట్‌లో వదులు లేకుండా కూర్చునే చిన్న గొట్టంలాంటి ముక్క) పొడిపొడిగా రాలింది. జాయింట్ మీది రబ్బరు బూటు, అంటే తొడుగు, చిరిగి ఎన్నాళ్లయిందో, దుమ్మూ నీళ్లూ కలిసి తినేశాయి. బుష్‌లు, బోల్టు, బూటు మార్చాను. అంతే.

అందుకే ముందు ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆగి ఉన్న బండిలో ఒక్కోసారి పళ్లు ఎదురుపడి గేర్ దిగదు, క్లచ్ వదిలి మళ్లీ తొక్కితే దిగుతుంది, దానికి కంగారొద్దు. ఇంజన్ ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్ట్ చేశాక గరగరమంటే, ముఖ్యంగా రివర్స్‌లో, క్లచ్ పూర్తిగా విడవట్లేదన్న అనుమానం ముందు రావాలి. ఆపినా పడకపోతే అప్పుడు లింకేజీ వైపు చూడాలి.

ఇప్పటి చాలా బళ్లలో లింకేజీ రాడ్ల బదులు రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి పక్కలకి, ఒకటి ముందుకీ వెనక్కీ. గేర్‌బాక్స్ దగ్గర వాటి కొసలు ఊడదీసి అక్కడి లివర్లని చేత్తో కదపండి. గేర్లు టక్కుటక్కుమని పడుతుంటే బాక్స్ జోలికి పోనక్కర్లేదు, తప్పు కేబుల్‌దో, కొసన ఉండే ప్లాస్టిక్ బుష్‌దో. కొత్త కేబుల్ వేసినప్పుడు బండిలోపలి గేర్ రాడ్డూ, గేర్‌బాక్సూ రెండూ న్యూట్రల్‌లో ఉన్నాకే లాక్ చెయ్యాలి. చాలామంది తొందరలో ఇక్కడే తప్పు చేసి, సాయంత్రానికి మళ్లీ విప్పుతారు.

గుంటలో పడగానే గేర్ జారిపోతోందంటే మాత్రం బుష్‌తో పాటు ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) కూడా చూడండి. మౌంట్ తెగితే ఇంజన్ ఊగినప్పుడల్లా లింకేజీ రాడ్డుని తనతో లాక్కుపోతుంది. అవీ బాగుంటే అప్పుడు దించండి, నేను వద్దనను.

బయట బండి స్టాండ్ల మీద పెట్టే ఉంది. ఒకరు లోపల కూర్చోండి, ఇద్దరు నాతో కిందికి రండి.