విత్తనానికి వదిలిన కాయ

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైములో సగం అక్కడే పోతుంది. వాళ్లు ఏమీ అనుకోరనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. కరపత్రంలో ‘బెండలో జన్యు వైవిధ్యం, లక్షణాల ఎంపిక’ అని వేశారు. పేరు చూసి కంగారుపడకండి, విషయం మీ పెరట్లోదే.

ముందు మీరే ఒక మాట చెప్పండి. విత్తనానికి ఏ కాయ వదులుతారు? నవ్వుతున్నారంటే జవాబు తెలుసన్నమాట. మొదటి కోతల కాయలన్నీ బజారుకి పోతాయి. రేటు పడిపోయి, కోత కూలి కూడా గిట్టనప్పుడు చెట్టు మీద మిగిలిపోయిన వంకర కాయలు విత్తనానికి ఉంటాయి. ముందుగా కాసిన మొక్క, విరగకాసిన మొక్క సంతానం లేకుండా పోయాయి. వెనకబడిన మొక్కే మళ్లీ ఏటికి తల్లి అయింది. పదేళ్లు ఇలా నడిపి, నాటు విత్తనంలో సత్తువ లేదంటాం!

ఎంచుకోవాల్సింది కాయని కాదు, మొక్కని. కింది కణుపు నుంచే కాపు పట్టిందా, కణుపులు దగ్గరగా ఉన్నాయా, ఎన్ని కాయలు కాసింది, ఆకు పచ్చగా ఉందా, ఇవి చూడాలి. ఇక్కడో తిరకాసు ఉంది. పెంటకుప్ప పక్క మొక్క ఏపుగా ఉంటుంది. అది ఎరువు బలమా, పుట్టుకతో వచ్చిన గుణమా? ఎరువు బలం విత్తనంలోకి దిగదు. కాయకి ఎన్ని పలకలు, రంగు ఎర్రనా పచ్చనా, ఇలాంటివి కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. దిగుబడి అలా కాదు. నేల, నీరు, వాతావరణం అన్నీ అందులో వేలు పెడతాయి. అందుకే గట్టు వారని వదిలేసి, మడి మధ్యలో, ఇరుగుపొరుగు మొక్కలతో సమానంగా తిని వాటికంటే బాగా కాసినదానికి గుడ్డపీలిక కట్టమంటాను.

ఆకు ఈనెల్ని పసుపెక్కించే పల్లాకు తెగులు సంగతికి వస్తే... దీని గురించి మాట్లాడితే నాకు ఒక పొట్లం గుర్తొస్తుంది. చెప్పకుండా ఉండలేను.

పాలకొండ వైపు ఒక ఊళ్లో ఒక ముసలమ్మ దగ్గర ఎనిమిది పలకల బెండ ఉండేది. పొట్టి కాయ, లావు. ఆనపకాయ బుర్రలో బూడిద కలిపి దాచేది విత్తనం. చుట్టూ మళ్లలో ఈనెలు పసుపెక్కిపోతే, ఆవిడ వరసల్లో ఆకు చాలావరకు పచ్చగానే ఉంది. ఆ మొక్కలు రోగాన్ని తట్టుకున్నాయో, రోగాన్ని మోసుకొచ్చే తెల్లదోమ అటు పోలేదో కంటితో తేల్చలేం. రోగం ముదిరిన మడి మధ్యలో వేసి చూడాలి. అందుకే ఆవిడిచ్చిన పిడికెడు గింజల్ని, ఊరి పేరు, తేదీ రాసి, పరీక్ష చేసే వసతి ఉన్న ఒక ఆఫీసులో ఇచ్చాను. పేరు అడక్కండి. తర్వాత వెళ్తే, ‘గదికి సున్నం వేయించామండీ, పాత పొట్లాలన్నీ తీసేశాం’ అన్నారు. టీ కూడా ఇచ్చారు. అప్పటికి ముసలమ్మ పోయింది. కొడుకులు హైబ్రిడ్ వేస్తున్నారు.

పిడికెడు గింజలకి ఇంత బాధా అంటారేమో. అరవై దాటినవాళ్లకి పూసా సావనీ గుర్తుండే ఉంటుంది. దేశమంతా వేసిన రకం. ఢిల్లీలో పూసా మఖ్మలీ అనే బెండ రకాన్ని పశ్చిమ బెంగాల్ నాటు రకం ఒకదానితో కలిపి దాన్ని తయారుచేశారు. ఆ నాటు రకానికి దేశీ విత్తన సేకరణలో ఐసీ 1542 అని నంబరుంది. అంటే అక్కడ ఎవరో పొట్లాన్ని పారేయలేదు! తర్వాత సావనీ కూడా తెగులుకి లొంగింది. అప్పుడు మహారాష్ట్రలో పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్లు అడవి బెండ గుణాన్ని సావనీలోకి తెచ్చి పర్భణీ క్రాంతి ఇచ్చారు. బెంగళూరువాళ్లు మరో అడవి జాతితో అర్క అనామిక చేశారు. గుణం ఎక్కడో ఒకచోట బతికి ఉంటేనే కదా తెచ్చుకునేది?

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోయిందండీ, రెండే నిమిషాలు.

హైబ్రిడ్ కాయల గింజలు దాచుకోకండి, మళ్లీ ఏడు మడంతా కలగాపులగం అవుతుంది. హైబ్రిడ్ కాని సూటి రకమైతే దాచుకోండి. బెండ పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది గానీ తేనెటీగలు పక్క మడి పుప్పొడి కూడా మోసుకొస్తాయి. ధ్రువీకరణ విత్తనానికి 200 మీటర్ల దూరం ఉండాలంటారు. అరెకరం రైతుకి ఎక్కడ కుదురుతుంది? గుడ్డపీలిక కట్టిన మొక్కల్లో, రేపు విచ్చబోయే మొగ్గకి ఈ సాయంత్రమే కాగితం సంచి తొడగండి. పిందె పడ్డాక తీసేసి, ఆ కాయకి దారం కట్టండి. ఎండి, పలకల దగ్గర చీలడం మొదలయ్యేదాకా కోయొద్దు. వంటకి కోసుకుపోకుండా ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి.

అలా దాచుకున్న విత్తనాన్ని వాడుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవడానికి కూడా మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల గురించిన 2001 చట్టం రైతుకి హక్కు ఇచ్చింది. ఎవరైనా బెదిరిస్తే ఆ మాట చెప్పండి.

అమ్మా, వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా వినండి. పాలకొండ, వీరఘట్టం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ పుట్టింట్లోనో, మేనత్త ఇంట్లోనో ఎనిమిది పలకల పొట్టి బెండ ఇంకా ఉంటే, భోజనాలకి లేచే ముందు నాకు చెప్పండి. ఈసారి నాలుగు గింజలు చాలు. ఏ ఆఫీసుకీ ఇవ్వను, ముందు నా పెరట్లో వేస్తాను.