బస్సు మోత మాయమైంది, విజిల్ ఎందుకు పోలేదు?

(గాజువాక వెళ్ళే సిటీ బస్సు, కిటికీ పక్క సీటు)

వినపడుతోందా, ఇంజిన్ ఒకటే గుర్ర్‌ర్... ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చేస్తున్నా. అంతే, పోయింది! కానీ కండక్టర్ విజిల్ మాత్రం శుభ్రంగా వినపడతా ఉంది. ఇదేటి గురూ, వేలకి వేలు పోసి కొంటే సగమే పనిచేస్తోంది అనుకున్నా మొదట్లో.

ఇది శబ్దాన్ని అడ్డుకుంటుంది అనుకుంటాం కదా, కాదు. అడ్డుకునేది చెవి చుట్టూ ఉండే మెత్తటి కుషన్. ఇది చేసేది ఏంటంటే, ఇంకో శబ్దం పుట్టిస్తుంది!

(ఆర్కే బీచ్, ఇసకలో కూర్చుని)

ఆ అలలు చూడండి, ఒకచోట నీళ్ళు లేస్తాయి, వెనకాలే పల్లం. శబ్దంలోనూ గాలి ఒకసారి నొక్కుకుంటుంది, ఒకసారి పలచబడుతుంది. ఒక అల ఎత్తు మీదకి సరిగ్గా ఇంకో అల పల్లం వచ్చి పడితే నీళ్ళు మట్టం అయిపోతాయి, అదే ట్రిక్కు. బయట ఉన్న బుల్లి మైక్ మోతని వింటుంది, చిప్ దాన్ని తిరగేసి స్పీకర్లోంచి వదుల్తుంది, రెండూ చెవి దగ్గర కలిసి సున్నా... పూర్తిగా సున్నా కాదులెండి, బాగా తగ్గుద్ది. మంచివాటిల్లో లోపల కూడా ఒక మైక్ ఉంటుంది, ఇంకా ఏమన్నా మిగిలిందా అని చూసుకోడానికి.

ఇక విజిల్ సంగతి. ఇంజిన్ మోత 100 హెర్ట్జ్, అంటే సెకనుకి 100 అలలు అనుకోండి, ఎత్తు నుంచి పల్లానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది, చిప్‌కి బోలెడు టైం. విజిల్ 3,000 హెర్ట్జ్ అనుకుంటే ఆ టైం 0.17 మిల్లీసెకన్లే, రవ్వంత లేటైనా పల్లం పడాల్సిన చోట ఎత్తు మీద ఎత్తు పడి మోత ఇంకా పెరుగుద్ది. అందుకే కీచు శబ్దాల జోలికి చిప్ పెద్దగా పోదు, వాటిని కుషన్ ఎంత ఆపితే అంతే.

ఐడియా పాతదే, జర్మనీకి చెందిన పాల్ లూగ్‌కి 1936లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. 1978లో విమానం మోతకి విసుగెత్తి, బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ అక్కడే లెక్కలు మొదలెట్టాడు, వాళ్ళ నాన్నది మన పక్క బెంగాలే. 1989లో ఈ హెడ్‌సెట్లని ముందు పైలట్లకి అమ్మారు.

(మైక్ మీద గాలి)

ఇదిగో ఈ బుస్సుబుస్సు! సముద్రపు గాలి బయటి మైక్‌ని కొడుతోంది, ఆ సుడి మైక్ దగ్గరే పుట్టింది, చెవి దాకా అలా రానేరాదు, పాపం చిప్‌కేం తెలుసు, లేని మోతకి పల్లం తవ్వుతోంది. ఆఫ్ చేశా, పోయింది. పదండి, మురీ మిక్చర్ బండి పిలుస్తోంది.