ఓ-యు-జి-హెచ్: రాతలో మిగిలి నోట పోయిన శబ్దం

అందరికీ నమస్కారం.

దో, త్రూ, రఫ్, కాఫ్, బౌ, థరో. ఈ ఆరు ఇంగ్లీషు మాటల్లోనూ ఓ-యు-జి-హెచ్ అనే నాలుగక్షరాలే ఉన్నాయి, ఉచ్చారణ మాత్రం ఆరు రకాలు. ఇంగ్లీషుకు నియమం లేదని పిల్లలకు చెప్పి ఊరుకుంటున్నాం. అది సరికాదు. ఈ గందరగోళానికి కారణం ఉంది.

పాత ఇంగ్లీషులో ఇలాంటి చాలా మాటల్లో గొంతులోంచి గరగరమని వచ్చే హల్లు ఒకటుండేది. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు 'ఖబర్' అన్నప్పుడు మొదట వినపడేది దాదాపు అదే. మొదట్లో దాన్ని ఒక్క హెచ్‌తో రాసేవారు; 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చాక లేఖకులు క్రమంగా జి-హెచ్‌కు మారారు. ఆ తర్వాత ఇంగ్లండులో చాలాచోట్ల ఆ శబ్దమే పోయింది. కొన్ని మాటల్లో పూర్తిగా రాలిపోయింది, కొన్నిటిలో ఎఫ్ అయింది. ఇంగ్లండు తొలి ముద్రాపకుడు కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. నోరు మారుతూనే ఉన్నా రాత అక్కడికక్కడే గట్టిపడింది. రొట్టెపిండిని 'డో' అంటారు కదా, ఉత్తర ఇంగ్లండులో అదే మాట 'డఫ్' అయి, డి-యు-ఎఫ్-ఎఫ్ అని వేరే స్పెల్లింగుతో ఒక పుడ్డింగు పేరుగా నిలిచింది. లెస్టర్‌షైర్‌లోని 'లఫ్‌బరో' పేరులో ఈ నాలుగక్షరాలు రెండుసార్లు వస్తాయి: మొదట ఎఫ్, తర్వాత హల్లే లేదు.

అరుదైన మాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఎస్‌తో మొదలయ్యే 'సఫ్'. ఇంగ్లండులోని డెర్బీషైర్ సీసపు గనుల్లో నీళ్లు ఊరి పని ఆగిపోయేది. అందుకని గనికంటే పల్లంలో, లోయ వైపు నుంచి కొండలోకి సొరంగం తవ్వేవారు. పంపు అక్కర్లేకుండా నీరు తనంతట తానే బయటికి పారేది. ఆ సొరంగమే సఫ్. 1771లో ఆర్క్‌రైట్ అక్కడి క్రోమ్‌ఫర్డ్‌లో నూలు మిల్లు కట్టినప్పుడు చక్రం తిప్పిన నీళ్లలో కొంత ఇలాంటి సఫ్‌దే. తర్వాత అంతకంటే లోతున మీర్‌బ్రూక్ సఫ్ తవ్వారు. నీరు అటు లాగేసింది, మిల్లుకు కరువొచ్చింది. గాలి హోరుకు కూడా ఇదే స్పెల్లింగు, కానీ దాని పుట్టుక వేరు. 'సౌ' అనీ 'సఫ్' అనీ రెండూ వాడుకలో ఉన్నాయి.

ఎస్-ఎల్‌తో మొదలయ్యేది మరీ జాగ్రత్తగా పలకాలి. ఊబి అన్న అర్థంలోనూ, లండన్ హీత్రో విమానాశ్రయం దగ్గరున్న ఊరి పేరులోనూ 'స్లౌ'. పాము కుబుసానికీ, పుండు మీద పేరుకునే చచ్చిన కండకూ 'స్లఫ్'. ఆస్పత్రిలో నర్సులు రోజూ అనేది ఈ రెండోదే. అమెరికాలో చిత్తడినేలను 'స్లూ' అంటారు.

'చఫ్' ఎర్రముక్కు కాకి. మన లడఖ్‌లోనూ ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో అంతరించిపోయి, 2001లో తనంతట తానే తిరిగొచ్చింది. ఐర్లండు సరస్సు 'లాక్', పశువుల వెనకకాలి కీలు 'హాక్'. ఎక్కిళ్లను ఈ అక్షరాలతో రాయడం మాత్రం దగ్గు అనే 'కాఫ్' స్పెల్లింగును చూసి తెచ్చిపెట్టుకున్న పొరపాటు. ఎలా రాసినా 'హికప్' అనే పలకాలి.

వెనక టి చేరితే పని సులువు: బాట్, ఫాట్, సాట్, థాట్. 'వర్క్'కు పాత భూతకాల రూపమైన 'రాట్' కూడా అంతే. 'రాట్ ఐరన్' అన్నది అదే. దీనికి లొంగనివి ముఖ్యంగా రెండు. ధీరుడన్న అర్థంలో 'డౌటీ'. ఇంకోటి మన పేపర్లలో తరచూ కనిపించే కరువు మాట. దాన్ని 'డ్రాట్' అని చదివేవాళ్లున్నారు. 'కౌ'లో ఉన్న అచ్చే ఇక్కడా, 'డ్రౌట్'.