చెన్నై ఉక్కపోతలో సైన్యానికి రంగులు: ఒకే కోటు పెయింట్ల రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వీడియో వడపళని నుంచి. టేబుల్ మీద ఇరవై అస్థిపంజరాలున్నాయి, చేతుల్లో ఈటెలు, డాళ్లు. 28 మిల్లీమీటర్ల స్కేలు బొమ్మలు. పాదం నుంచి కంటి వరకు దాదాపు అంత ఎత్తు ఉంటాయన్నమాట. టేప్ పెట్టి దూరం కొలిచి, పాచికలు వేసి ఆడే యుద్ధం ఆటల్లో ఇది ఒక దళం మాత్రమే. పూర్తి సైన్యం కావాలంటే ఇలాంటివి ఇంకా మూడు నాలుగు పెట్టెలు పడతాయి.

మామూలు పద్ధతిలో ఒక్కో బొమ్మకి బేస్ కోటు, దాని మీద వాష్ (సందుల్లోకి దిగి నీడ తెచ్చే పల్చటి ముదురు రంగు), తర్వాత లేత రంగు పొరలు, చివర్లో అంచుల మీద గీతలు. ఒక్క బొమ్మకైతే హాయిగా ఉంటుంది. అరవై బొమ్మలకి, అదీ ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని వెయ్యాలంటే, చాలామంది సగంలో ఆగిపోతారు. అల్మారాలో బూడిద రంగు ప్లాస్టిక్ అలాగే ఉండిపోతుంది. అందుకే ఇవాళ ఒకే కోటు పెయింట్ల గురించి, అంటే ఒక్క పొరతోనే రంగూ నీడా వచ్చేసే పెయింట్ల గురించి మాట్లాడుకుందాం. నా దగ్గర మూడు రకాలున్నాయి: సిటాడెల్ కాంట్రాస్ట్, ఆర్మీ పెయింటర్ స్పీడ్‌పెయింట్, వల్లెహో ఎక్స్‌ప్రెస్ కలర్.

వీటిలో కాంట్రాస్ట్ 2019లో వచ్చింది. వార్‌హ్యామర్ అనే బొమ్మల యుద్ధం ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లదే. స్పీడ్‌పెయింట్ 2022లో వచ్చింది. మొదటి రకంలో ఒక సమస్య ఉండేది. ఆరిన తర్వాత కూడా పైన తడి రంగు పడితే కింది పొర మళ్లీ కరిగి పైకి వచ్చేది. ఎర్ర అంగీ పక్కన తెల్ల బెల్టు వేస్తే, తెలుపు గులాబీ అయ్యేది. 2023లో ఫార్ములా మార్చి 2.0 తెచ్చారు, అందులో ఆ గొడవ లేదు. కాబట్టి ఎవరైనా పాత సెట్టు చవగ్గా ఇస్తామంటే, బాటిల్ మీద 2.0 ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

సరే, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఈ బొమ్మకి లేత ఎముక రంగు ప్రైమర్, అంటే పెయింటు పట్టుకోవడానికి ముందుగా వేసే అడుగు పొర, వేసి ఉంది. కాంట్రాస్ట్‌లో స్కెలిటన్ హోర్డ్ అనే రంగు తీసుకున్నాను. బ్రష్‌ని కాస్త నిండుగా ముంచి పుర్రె మీద పెట్టి కిందికి లాగుతున్నాను. చూడండి, నేను ఏమీ చెయ్యకుండానే కంటి గుంటల్లోకి రంగు దిగింది. పక్కటెముకలకొచ్చాం. ఎముక పైభాగం లేతగానే ఉంది, మధ్య సందుల్లో గోధుమ రంగు నిండింది. మామూలు పెయింటు కంటే ఇది బాగా పల్చన, జారుడు ఎక్కువ, అయినా రంగు గాఢంగా ఉంటుంది. అందుకే ఎత్తు మీద నిలవకుండా పల్లంలోకి చేరుతుంది. మామూలుగా రెండు మూడు దశల్లో వచ్చే నీడ ఒక్క దెబ్బకి వచ్చేస్తుంది.

ఇప్పుడు కటి ఎముక దగ్గర చూడండి, చుక్క నిలబడింది. దాన్ని అలాగే వదిలేస్తే మచ్చలా ఆరుతుంది. శుభ్రంగా కడిగి తుడిచిన బ్రష్ మొన ఆ చుక్కకి తాకిస్తే చాలు, బ్రష్షే పీల్చేసుకుంటుంది. మొత్తం పద్ధతిలో చేతి పని అంటే ఇదే, మిగతాదంతా రంగే చూసుకుంటుంది. చెన్నై గాలిలో తేమ వల్ల ఇది నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి చుక్కలు తీసెయ్యడానికి మనకి టైమ్ దొరుకుతుంది. ఫ్యాన్ మాత్రం నేరుగా బొమ్మ మీదికి పెట్టకండి, అంచులు ముందు ఆరి మరక గీతలు పడతాయి. పల్చన చెయ్యాలంటే నీళ్లు కలపొద్దు, దాని మీడియమే, అంటే అదే పెయింటు కోసం వచ్చే రంగులేని ద్రవమే కలపండి. తడి పాలెట్ (రంగు ఆరిపోకుండా తడిగా ఉంచే పళ్లెం) కూడా అక్కర్లేదు, పొడి ప్లాస్టిక్ మూత చాలు.

డాలు దగ్గరికొస్తే కథ మారుతుంది. చదునైన జాగాలో రంగుకి దిగడానికి పల్లం ఉండదు, అందుకే ఒక చోట ముదురుగా, ఒక చోట లేతగా మబ్బులు మబ్బులుగా ఆరుతుంది. మూడు బ్రాండ్లదీ ఇదే తంతు. డాళ్లు, ట్యాంకులు, పెద్ద కవచాలు ఉన్న సైన్యమైతే ఆ భాగాలకి మామూలు యాక్రిలిక్కే వాడండి. ఎముకలు, బొచ్చు, ముడతలు పడ్డ బట్ట, తోలు సంచులు, వీటికి మాత్రం ఒకే కోటు పెయింట్లని మించింది నాకు కనిపించలేదు.

ఇక అసలు విషయం, ప్రైమర్. మనవాళ్ల ఫలితం విదేశీ వీడియోల్లోలా రాకపోతే నూటికి తొంభై పాళ్లు తప్పు పెయింటుది కాదు, దాని కింద ఉన్న పొరది. స్ప్రే డబ్బాలోంచి వచ్చే సాల్వెంటు (రంగుని పల్చగా ఉంచే ద్రవం) వేగంగా ఆవిరవుతుంది, ఆ క్షణంలో బొమ్మ ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అక్కడ నీటి పొర పడుతుంది. దాంతో ప్రైమర్ తెల్లగా పొగచూరినట్టు, వేలు పెడితే గరగరలాడేలా ఆరుతుంది. మామూలు మందపు పెయింటు అయితే ఆ గరుకుని కొంత కప్పేస్తుంది. ఒకే కోటు పెయింటు మాత్రం ఆ ప్రతి గింజ చుట్టూ చేరి మొత్తం చుక్కలు చుక్కలుగా చూపిస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, వేసవిలో సముద్రపు గాలి. చెన్నైలో మిద్దె మీదికెళ్లి నిశ్చింతగా స్ప్రే కొట్టే రోజులు తక్కువే. నెల్లూరు, కాకినాడ, వైజాగ్ వాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి నా మాట వినండి, బ్రష్‌తో వేసే ప్రైమర్ తీసుకోండి. వల్లెహో సర్ఫేస్ ప్రైమర్ లాంటివి పాలియురెథేన్ కలిసిన యాక్రిలిక్, వాసన తక్కువ, ఇంట్లోనే కూర్చుని వెయ్యొచ్చు. ఒక మందపు కోటు కాకుండా రెండు పల్చటి కోట్లు వెయ్యండి. పైకి ఆరినట్టు కనిపించినా ఒక రోజు పూర్తిగా వదిలెయ్యండి. మర్నాడు బొమ్మ నిలబడే బేస్ అడుగున గోరుతో మెల్లగా గీకి చూడండి. పొరలా లేచిందంటే ఇంకా ఆగాలి. రంగు తెలుపో, లేత ఎముక రంగో ఉండాలి. ముదురు ప్రైమర్ మీద ఈ పెయింట్లు దాదాపు కనిపించవు.

వార్నిష్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఈ పెయింటు పొర సన్నం కాబట్టి ముక్కు కొన, మోచెయ్యి, ఈటె అంచు లాంటి చోట్ల త్వరగా అరుగుతుంది. ఆటలో చెమట చేతులతో పట్టుకుని జరుపుతాం కదా, ఇంకా త్వరగా పోతుంది. మెరుపు లేని మ్యాట్ వార్నిష్ తప్పనిసరి, అదీ బ్రష్‌తోనే. తేమలో స్ప్రే వార్నిష్ తెల్లబారితే పడ్డ కష్టమంతా దాని కింద కప్పబడిపోతుంది. రంగులు వేసేటప్పుడు బొమ్మని ఖాళీ మందు సీసా మూతకి అంటించుకుని పట్టుకోండి, వేళ్లు తగలవు.

మూడింటిలో ఏది కొనాలి? నా చేతికి కాంట్రాస్ట్ రంగులు అన్నిటికంటే గాఢంగా అనిపిస్తాయి, ఎరుపులు, గోధుమలు చాలా అందంగా ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ కొంచెం మెత్తగా పరుచుకుంటుంది, అంగీల లాంటి పెద్ద బట్టలకి బాగుంటుంది. సైన్యం మొత్తానికి మాత్రం నా ఓటు స్పీడ్‌పెయింట్ 2.0కే. 18 మిల్లీలీటర్ల డ్రాపర్ బాటిల్, చుక్కలు లెక్కపెట్టుకుని పోసుకోవచ్చు, ఇరవయ్యో బొమ్మకి కూడా మొదటి దాని రంగే వస్తుంది.

ఇది అసలు పెయింటింగే కాదు, అడ్డదారి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దసరా ముందు మైలాపూర్ ఉత్తర మాడవీధిలో కొలువు బొమ్మ కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని కన్ను, బొట్టు, చీర అంచు చూస్తాం. ఇంట్లో మెట్ల మీద పెట్టాక మాత్రం వరస మొత్తాన్ని చూస్తాం. సైన్యమూ అంతే. టేబుల్ అవతలి నుంచి చూసినప్పుడు ఇరవై పుర్రెలూ ఒకే దళంలా కదలాలి. సేనాపతి బొమ్మ ఒక్కదానికి మాత్రం పాత పద్ధతిలో, తీరిగ్గా, పొర మీద పొర వెయ్యండి. దానికి ఆ గౌరవం ఇవ్వాలి.

మొదలుపెట్టేవాళ్లు పెద్ద సెట్టు జోలికి పోకండి. స్పీడ్‌పెయింట్‌లో పాలిడ్ బోన్, హార్డెన్డ్ లెదర్, గ్రిమ్ బ్లాక్, స్లాటర్ రెడ్, వీటితో పాటు ఒక మీడియం బాటిల్ తీసుకోండి. ఎముక, తోలు, ఇనుము ఛాయ, డాలు వెనుక పట్టీలు, చిరిగిన గుడ్డ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. కత్తులకి, ఈటె మొనలకి విడిగా ఒక వెండి రంగు యాక్రిలిక్ చాలు, దాని మీద గ్రిమ్ బ్లాక్‌లో మీడియం ఎక్కువ కలిపి పల్చగా లాగితే పాత ఇనుములా వస్తుంది. ముందు ఐదు బొమ్మలకి వేసి, వార్నిష్ కూడా అయ్యాక, మిగతా పెట్టె తెరవండి.