పాత కారు వెనక నుంచి గరగర శబ్దమా? విప్పే ముందు ఇవి చూడండి

నమస్తే అండి. మా పాత కారు వెనక నుంచి తిరగలి తిప్పినట్టు గరగరమని శబ్దం వస్తోంది. దేశం మారి వచ్చిన కొత్తలో మనలో చాలామంది పాత కారుతోనే మొదలుపెడతాం కదా, అందుకే ఇవాళ దీన్ని ఎలా కనిపెట్టాలో వివరంగా చూపిస్తాను.

పానా పట్టుకునే ముందు చెవి పెట్టాలి. శబ్దం ఎప్పుడు వస్తోందో తెలిస్తే సగం పని అయినట్టే.

బ్రేక్ తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే ఆగిపోతోందా? అయితే మొదట బ్రేక్ ప్యాడ్లు చూడాలి. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్క్‌ని రెండు పక్కలా నొక్కి ఆపేవి ఇవే. చాలా ప్యాడ్లకు చిన్న రేకు ఒకటి ఉంటుంది. ప్యాడ్ అరిగి చివరికి వచ్చాక అది డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. ఆ కీచు కాస్తా గరగరగా మారిందంటే ప్యాడ్ వెనకున్న ఇనుప పలకే డిస్క్‌ని గీరేస్తోందని అనుమానించాలి. అప్పుడిక కారు బయటికి తీయొద్దు. దయచేసి వారాంతం దాకా ఆగుదాంలే అనుకోకండి. రాత్రంతా వానలో ఉన్న కారు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గీరినట్టు వినిపిస్తే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, అది డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు.

బ్రేక్‌తో సంబంధం లేకుండా, వేగంతో పాటు పెరిగే హోరు అయితే వీల్ బేరింగ్, అంటే చక్రం సులువుగా తిరిగేలా చేసే భాగం, కావచ్చు. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే సాధారణంగా కుడి బేరింగ్ పోయినట్టు. కానీ ఎగుడుదిగుడుగా అరిగిన టైర్లు కూడా అచ్చం ఇలాగే హోరెత్తుతాయి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపి చూడండి. శబ్దం కూడా ముందుకి వచ్చేస్తే అది టైరుదే. వెనక చక్రాలతో నడిచే కార్లలో డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా చూసుకోవాలి. మాది ముందు చక్రాలతో నడిచేది, కాబట్టి ఆ పని లేదు.

మా ఆవిడని వెనక సీట్లో కూర్చోమన్నాను. “కుడి పక్కేనండీ. బ్రేక్ వేసినప్పుడు గట్టిగా వస్తోంది, వేయకపోయినా సన్నగా వినిపిస్తూనే ఉంది” అంది. ఆ సన్నటి శబ్దమే అసలు ఆధారం. బ్రేక్ వదిలినా ఏదో డిస్క్‌ని పట్టుకునే ఉంది.

ఇప్పుడు కారు ఎత్తుదాం. చదునైన నేల, పార్క్ గేర్, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు. వీల్ నట్లు కొంచెం వదులు చేసి, జాక్‌తో ఎత్తి, జాక్ స్టాండ్ పెట్టండి. ఉత్త జాక్ మీద నిలబెట్టిన కారు కిందకి చెయ్యి కూడా పోనివ్వొద్దు. హ్యాండ్‌బ్రేక్ దించాకే చక్రం తిప్పాలి. చూడండి, ఎడమది తేలిగ్గా తిరుగుతోంది, కుడిది బిగుసుకుపోయింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలట్లేదు, తిప్పుతూ స్ప్రింగ్ మీద చెయ్యి వేస్తే గరుకు కూడా తెలియట్లేదు. కాబట్టి బేరింగ్ బాగానే ఉన్నట్టుంది.

చక్రం తీశాను. డిస్క్ వెనక రేకు కూడా చూడాలి. అది వంగినా, మధ్యలో చిన్న రాయి ఇరుక్కున్నా ఇదే శబ్దం వస్తుంది. ఇక్కడ అవేమీ లేవు. బయటి ప్యాడ్ చూస్తే మందంగా ఉంది. చక్రం సందుల్లోంచి కనిపించేది ఇదే, దీన్ని చూసి బ్రేకులు బాగున్నాయనుకుంటారు. లోపలి ప్యాడ్ చూడండి, ఇనుము తేలిపోయింది! ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ జరగాల్సిన పిన్నులు గ్రీజు ఎండి బిగుసుకుపోయాయి. దాంతో భారమంతా లోపలి ప్యాడే మోసింది.

డిస్క్ మీద గోరుకి తగిలేంత లోతు గాడులు పడ్డాయి, అందుకే డిస్కులు కూడా మారుస్తున్నాను. ఎడమ ప్యాడ్లు బాగున్నా రెండు వైపులా కొత్తవే వేయాలి, లేకపోతే బ్రేక్ ఒక పక్కకి లాగుతుంది. పిన్నులు శుభ్రం చేసి, బ్రేక్ గ్రీజే రాయాలి. మా కారులోలాగా చాలా వెనక క్యాలిపర్లలో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, బలంగా నొక్కితే పాడవుతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అన్నీ బిగించాక, కారు కదిలించకముందే బ్రేక్ పెడల్ గట్టిపడే దాకా తొక్కండి.